కాఫీపై పడిన నింద

నిశ్చింతగా నిద్రించిన మనిషి తెల్లవారుజామున కాలి బొటనవేలి మంటతో మేల్కొంటాడు. కీలు ఎర్రబారి, వాచి, దుప్పటి అంచు తగిలినా ఓర్వలేనంత బాధ. ఇదే గౌట్ వ్యాధి. ఆయుర్వేదంలోని వాతరక్తాన్ని దీనితో పోలుస్తారు. దీనికి మూలం యూరిక్ ఆమ్లం.

జీవకణాలలోను, మాంసం, చేపలు వంటి ఆహారంలోను ఉండే ప్యూరిన్లు విచ్ఛిన్నం కాగా చివరికి మిగిలే పదార్థమిది. చాలా క్షీరదాలు దీనిని యూరికేజ్ అనే ఎంజైముతో సులభంగా కరిగే అల్లంటాయిన్‌గా మార్చుకుంటాయి. పరిణామక్రమంలో మానవుడు ఆ ఎంజైమును పోగొట్టుకున్నాడు. అందువల్ల ఈ ఆమ్లాన్ని బయటికి పంపే భారం అధికభాగం మూత్రపిండాలపైనే పడింది. రక్తంలో ఇది డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు మించితే సూదులవంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకోగలదు.

కాఫీ, టీలలోని కెఫీన్‌ను 1819లో జర్మన్ రసాయనవేత్త రుంగే వేరుచేశాడు. నిర్మాణాన్నిబట్టి కెఫీన్ ప్యూరిన్లకు బంధువే. ఈ బంధుత్వాన్ని చూసే పూర్వపు వైద్యులు గౌట్ రోగులచేత కాఫీ మాన్పించారు. నిజానికి కెఫీన్‌లో కొంతభాగం మిథైల్ యూరిక్ ఆమ్లాలుగా మారి మూత్రంలో పోతుంది. అవి యూరిక్ ఆమ్లం కావు. ఇంటిపేరు కలిసినంతమాత్రాన దొంగతనం అంటగట్టినట్లయింది!

అమెరికాలో 45,869 మంది పురుషులను 12 సంవత్సరాలు గమనించిన అధ్యయనం 2007లో వెలువడింది. రోజుకు నాలుగైదు కప్పుల కాఫీ తాగేవారిలో గౌట్ ముప్పు, అసలు తాగనివారికంటే 40 శాతం తక్కువగా కనిపించింది. టీకి అటువంటి సంబంధమేదీ కానరాలేదు. విశేషమేమంటే, కెఫీన్ తీసివేసిన కాఫీతో కూడ ముప్పు కొంత తగ్గింది. కనుక మేలు కెఫీన్‌ది కాదనీ, కాఫీగింజలోని క్లోరోజెనిక్ ఆమ్లం వంటి ఇతర పదార్థాలది కావచ్చుననీ పరిశోధకులు ఊహించారు.

అయితే ఇటువంటి అధ్యయనం సంబంధాన్ని చూపుతుందే కాని కారణాన్ని నిరూపించదు. కాఫీ మందు కాదు. పైగా అలవాటులేని గౌట్ రోగి ఒక్కసారిగా అధికంగా కెఫీన్ తీసుకుంటే నొప్పి తిరగబెట్టవచ్చు.

మన ఇళ్లలో కాఫీ అంటే పాలు, చక్కెర కూడ. పాలవల్ల యూరిక్ ఆమ్లం పెరగదు. అనుమానించవలసింది చక్కెరనే. అందులో సగం ఫ్రక్టోజ్. అది కాలేయంలో మార్పు చెందేటప్పుడు యూరిక్ ఆమ్లం పుడుతుంది. రోగిచేత కాఫీ మాన్పించిన ఇంట్లోనే, అతని మజ్జిగ స్థానంలో తీయని శీతలపానీయం చేరడం అరుదు కాదు.