పైతాడు గట్టిదే... కట్టిన పట్టు మాటేమిటి?

బండలెక్కే యువత ముందుగా పరీక్షించవలసింది తాడును కాదు, దాని ఆధారాన్ని

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల ప్రాయంలో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. ఆమెతో పాటు శిఖరాన్ని చేరిన ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్‌కుమార్ కూడా సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థియే. వీరిద్దరూ తొలిపాఠాలు నేర్చినది హిమాలయాల్లో కాదు, సుమారు 500 అడుగుల ఎత్తున నిలిచిన భువనగిరి ఖిల్లా ఏకశిలపైన. గుట్టలకు, గుండ్లకు కొదవలేని ఈ ప్రాంతపు యువతకు శిలారోహణ మనకూ సాధ్యమేనన్న నమ్మకాన్ని ఆ విజయం కలిగించింది. అయితే అక్కడ శిక్షకులు ముందుగా నేర్పే ఒక పాఠాన్ని, సొంతంగా తాడు కొని బండ ఎక్కేవారు తరచుగా విస్మరిస్తుంటారు. తాడు ఎంత గట్టిదైనా, దానిని పైన కట్టిన చోటు బలహీనమైతే ప్రాణానికి రక్షణ లేనట్లే.

పైతాడు పద్ధతి ఇదీ

కొత్తగా నేర్చేవారికి అత్యంత సురక్షితమైనదిగా పేరొందినది పైతాడు పద్ధతి. బండ పైభాగాన ఒక ఆధారాన్ని ఏర్పాటు చేసి, దానికి తగిలించిన ఉక్కు లేదా అల్యూమినియం కొక్కెం గుండా తాడును పోనిచ్చి రెండు కొసలనూ కిందికి వదులుతారు. ఒక కొసను ఎక్కే వ్యక్తి నడుముకు కట్టిన పట్టీకి ముడివేస్తారు. రెండో కొసను కింద నిలబడిన సహచరుడు పట్టు పరికరం గుండా లాగుతూ ఉంటాడు. చేదబావిపై గిలక ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది. కాలు జారినా మనిషి అడుగో రెండడుగులో దిగి ఆగిపోతాడు.

పైనున్న ఈ ఆధారాన్నే యాంకర్ అంటారు. పశువును కట్టిన పలుపు ఎంత కొత్తదైనా గుంజ ఊడితే ప్రయోజనం లేదు. ఇక్కడా అంతే. పైగా గిలకపై బరువు ఒకవైపు నుంచే పడదు. 70 కిలోల మనిషి తాడుకు వేలాడినప్పుడు అతని బరువుతో పాటు కిందనున్న సహచరుడు లాగి పట్టిన బలం కూడా యాంకర్‌పైనే పడుతుంది. కొక్కెం వద్ద కలిగే రాపిడిని మినహాయించినా ఈ భారం 110 కిలోలకు తగ్గదు, 140 కిలోల వరకూ ఉండవచ్చు. జారిన క్షణాన కలిగే కుదుపుతో ఇది మరింత పెరుగుతుంది.

ఒక్కదానినే నమ్మరాదు

యాంకర్ విషయంలో మొదటి సూత్రం, ఏ ఒక్క వస్తువు విఫలమైనా మనిషి పడిపోకూడదన్నది. ఒకే చెట్టుకు, ఒకే బోల్టుకు, ఒకే పట్టీకి, ఒకే కొక్కేనికి ప్రాణాన్ని అప్పగించరాదు. కనీసం రెండు వేర్వేరు ఆధారాలు, వాటి నుంచి రెండు వేర్వేరు పట్టీలు, తాడు పోయేచోట నోళ్లు ఎదురెదురు దిశల్లో ఉండేలా రెండు మరతాళపు కొక్కేలు ఉండాలి. కొక్కెం మూసి ఉన్నప్పుడు నిలువునా కనీసం రెండు టన్నుల లాగుడును తట్టుకోవాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. అదే కొక్కెం నోరు తెరుచుకుంటే దాని బలం మూడోవంతుకు పడిపోతుంది. మర బిగించడం మరిచిపోతే జరిగేది ఇదే.

తాటిచెట్టెక్కే గీత కార్మికులకు ఈ పాఠం కొత్త కాదు. చెట్టు ఎంత దృఢమైనదైనా మోకు ఒక్కటే కావడంతో అది తెగినా, జారినా మరో పట్టు లేక ఎందరో నేలకూలారు. ఈ ప్రమాదాలను నివారించేందుకే 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరిట గీత కార్మికులకు భద్రతా పరికరాల పంపిణీకి రాష్ట్ర ప్రభుత్వం శ్రీకారం చుట్టింది. పొట్టకూటికి చెట్టెక్కేవారికి అవసరమైన జాగ్రత్త, సరదాకు బండ ఎక్కేవారికి అక్కరలేదనుకోవడం పొరపాటు.

దండెం చెప్పే లెక్క

రెండు ఆధారాలున్నా వాటి మధ్య దూరం ఎక్కువైతే కొత్త చిక్కు వస్తుంది. బట్టలారవేసే దండెంను బిర్రుగా లాగి కట్టి, దాని నడుమ ఒక తడిచీర వేస్తే గోడలోని మేకులే ఊడివస్తాయి. కొంచెం వదులుగా కడితే అదే చీరను అవే మేకులు మోస్తాయి. యాంకర్‌లోనూ రెండు పట్టీల నడుమ కోణం ఎంత వెడల్పయితే ఒక్కొక్క ఆధారంపై భారం అంత పెరుగుతుంది.

100 కిలోల భారం పడినప్పుడు పట్టీల నడుమ కోణం 60 డిగ్రీలుంటే ఒక్కొక్క ఆధారంపై పడేది సుమారు 58 కిలోలు. 90 డిగ్రీలైతే 71 కిలోలు. 120 డిగ్రీలకు చేరితే ఒక్కొక్కటీ పూర్తి 100 కిలోలు మోయవలసి వస్తుంది. 150 డిగ్రీలైతే అది 193 కిలోలకు పెరుగుతుంది. కనుక పట్టీలను పొడవుగా వదిలి, కోణం 60 డిగ్రీలకు మించకుండా చూసుకోవడం శ్రేయస్కరం.

నూలుకు రాపిడి శత్రువు

మరమగ్గాలపై పాలిస్టర్ వస్త్రం నేసే సిరిసిల్లలో కృత్రిమ నూలు స్వభావాన్ని వేరుగా చెప్పనక్కరలేదు. లాగితే అంత తేలికగా తెగదు, వేడి తగిలితే మాత్రం కరిగి ముద్దవుతుంది. శిలారోహణలో వాడే తాళ్లు, పట్టీలు కూడా నైలాన్ వంటి కృత్రిమ నూలుతో తయారైనవే. కొక్కెం లేకుండా తాడును నేరుగా పట్టీ గుండా పోనిస్తే, కదిలే తాడు పట్టీని ఒకేచోట రాపిడి చేసి క్షణాల్లో కరిగించి తెంచగలదు. తాడుపై గీత కూడా కనిపించదు, తెగేది పట్టీ. అందుకే నూలుపై నూలు పరుగెత్తరాదని శిక్షకులు పదేపదే హెచ్చరిస్తారు. బండ అంచు వద్ద కూడా పట్టీ కింద మందపాటి గుడ్డ లేదా తోలు వేసి, కొక్కెం అంచుకు దిగువన వేలాడేలా కట్టాలి. చెట్లపై ఏళ్ల తరబడి ఎండకు ఎండి రంగు వెలిసిన పాత పట్టీలను ఎట్టి పరిస్థితుల్లోనూ నమ్మరాదు.

బండను తట్టి చూడాలి

తెలంగాణ గ్రానైటు గట్టిదే అయినా ఎండకు, వానకు ఉల్లిపొరల మాదిరిగా పెచ్చులూడుతుంది. సుత్తితో తట్టినప్పుడు గణగణమని మోగితే బండ గట్టిది, డొల్లగా పలికితే లోపల పగులున్నట్లు. అలాంటి పెచ్చుకు బోల్టు వేసినా, పట్టీ చుట్టినా పెచ్చుతో సహా ఊడివస్తుంది. గుట్టపై నిలిచిన గుండు ఎంత పెద్దదైనా, దాని అడుగున ఆనిక ఏపాటిదో చూడకుండా తాడు కట్టరాదు. బండ పగులులో మొలిచిన రావి, మర్రి మొక్కలు పచ్చగా కనిపించినా వాటి వేళ్లకు నేల పట్టు ఉండదు. మట్టిలో పాతుకున్న, తొడంత లావుగల, ప్రాణమున్న చెట్టుకే మొదట్లో కట్టాలి.

ఇతరులు వేసిపోయిన బోల్టుల సంగతి మరీ జటిలం. తుప్పు పైకి కనిపించేది కొంతే, రంధ్రంలోని భాగం కంటికి కనబడదు. థాయిలాండ్‌లోని రైలే సముద్రతీర బండలపై స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు సైతం ఉప్పుగాలికి లోలోపల పగుళ్లుబారి విరిగిపోవడంతో వాటి స్థానంలో టైటానియం బోల్టులు వేయవలసి వచ్చింది. మనకు సముద్రం లేకున్నా వానాకాలపు చెమ్మ ఉంది. కదిలే బోల్టు, తిరిగే బోల్టు, చుట్టూ బండ చిట్లిన బోల్టు పనికిరానివే.

కంటికి కట్టినట్లు కనిపించడం వేరు, నిజంగా కట్టి ఉండడం వేరు. 2013 జులైలో ఫ్రాన్స్‌లోని ఓర్పియెర్ వద్ద టీటో ట్రావెర్సా అనే 12 ఏళ్ల ఇటలీ బాలుడు బండపై నుంచి పడి మృతి చెందాడు. కొక్కేలకు పట్టీని సరిగా తొడగకపోవడంతో, దానిని స్థానంలో ఉంచే చిన్న రబ్బరు ముక్క ఒక్కటే అతని భారాన్ని మోయవలసి వచ్చింది. ప్రతి ముడినీ, ప్రతి కొక్కేన్నీ మరొకరు చేత్తో తడిమి చూడవలసిన అవసరాన్ని ఈ దుర్ఘటన చాటుతోంది.

కట్టేవానికే ముందు ముప్పు

బండ అంచున వంగి యాంకర్ కట్టే వ్యక్తికి ఆ సమయంలో ఏ తాడూ ఉండదు. కనుక అతడు ముందుగా వెనుకనున్న చెట్టుకు తనను తాను కట్టుకొని, ఆ తర్వాతే అంచుకు రావాలి. తాడు రెండు కొసలూ నేలను తాకాయో లేదో కింద ఉన్నవారు చూసి చెప్పాలి. తాడు చివర ముడి వేయాలి. మొదటి వ్యక్తి ఎక్కడానికి ముందు, నేలపైనే ఇద్దరు ముగ్గురు కలిసి తాడుకు బరువు వేసి పరీక్షించాలి. సందేహం కలిగితే ఆ రోజుకు విరమించుకోవడమే మేలు.

ఈ విషయాలు చదివి నేర్చేవి కావు, నేర్పరి చెంత చేసి నేర్చేవి. 1954లో నెలకొన్న డార్జిలింగ్ హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, 1965లో ఏర్పడిన ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ప్రాథమిక శిక్షణలో శిలారోహణ కూడా భాగమే. 2018లో వెలువడిన భారత సాహస పర్యాటక మార్గదర్శకాలు శిలారోహణకు పాటించవలసిన జాగ్రత్తలను వివరించాయి. విద్యార్థులను గుట్టలకు తీసుకెళ్లే కళాశాలలు, సంఘాలు ముందుగా ఒక్క ప్రశ్న అడిగితే చాలు. పైన తాడు కట్టినది ఎవరు, దానిని పరీక్షించినది ఎవరు? ఈ రెంటికీ వేర్వేరు పేర్లు జవాబుగా వచ్చిన తర్వాతే పిల్లవాడి కాలు బండపై పడాలి.