కాండక్ట్: గుడ్

అల్లరి చేసే అబ్బాయిని డాక్టర్‌కి చూపిస్తాం. కిటికీ వైపు చూస్తూ కూర్చునే అమ్మాయిని ‘నెమ్మదస్తురాలు’ అని మెచ్చుకుంటాం. ధ్యాస నిలవని, కుదురుండని లోపం ఏడీహెచ్‌డీ ఇద్దరిలోనూ ఉండొచ్చు. అమ్మాయి సంగతి మాత్రం ప్రోగ్రెస్ కార్డులోనే ఉండిపోతుంది.

‘ఆడపిల్లల్లో ఏడీహెచ్‌డీ. కవర్ స్టోరీ. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి.’ ఎడిటర్ చెప్పింది ఇంతే. ఏడీహెచ్‌డీ అనే మాట వింటే నాకు మొదట్నుంచీ కాస్త అనుమానమే. ఫోన్ తెరిస్తే చాలు, ‘తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోతున్నారా? అయితే మీకు ఏడీహెచ్‌డీ’ అంటూ రీల్సు. అలిపిరిలో చెప్పులు ఎక్కడ విడిచామో మర్చిపోయిన వాళ్లందరికీ జబ్బు అంటగడితే తిరుపతిలో మిగిలేదెవరు?

ఆ అనుమానంతోనే తిరుగుతుంటే తిరుపతి బైరాగిపట్టెడలో ఒకావిడ ఒక ప్లాస్టిక్ కవరు చేతిలో పెట్టింది. రెండో తరగతి నుంచి పదో తరగతి దాకా తన ప్రోగ్రెస్ కార్డులు. “మా నాయన ఇంటి పత్రాల్తో పాటు బీరువాలో పెట్టినాడక్కా. ఇన్నేండ్లకి పనికొచ్చినాయి” అంది. పేరు వద్దంది, బడి పేరూ వద్దంది. వయసు ముప్పై దాటింది, ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తుంది. ఎనిమిదేళ్ల కొడుకు క్లాసులో కుదురుగా ఉండడం లేదని టీచర్ పిలిపిస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ ఇచ్చిన ఫారం నింపుతుంటే సగంలో పెన్ను ఆగిపోయిందట. “వాడి గురించి అడగతా ఉండారా, నా గురించి అడగతా ఉండారా అనిపించింది.” ఆ మాటే డాక్టర్‌తో చెప్పింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: చిన్నప్పటి కార్డులేమైనా దాచారా?

ఆ ప్రశ్నకో కారణం ఉంది. ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక కొత్తగా పుట్టుకొచ్చేది కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక సమస్యల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం పన్నెండేళ్లు నిండకముందే కొన్ని లక్షణాలు కనబడి ఉండాలి. ముప్పై ఏళ్ల మనిషికి తన మూడో తరగతి ఏం గుర్తుంటుంది? అమ్మకీ సగమే గుర్తుంటుంది, అదీ ముద్దుగా. టీచర్ ఆనాడే రాసిపెట్టిన మాట మారదు. పాత ప్రోగ్రెస్ కార్డుకు డాక్టర్లు విలువిచ్చేది అందుకే.

రిమార్కుల గడి

కార్డులు మంచం మీద వరసగా పరిచాం. అంచులు పసుపెక్కాయి, తండ్రి సంతకం మాత్రం అన్నింటి మీదా ఒకేలా ఉంది. మార్కులు వదిలేసి, అడుగున ‘రిమార్క్స్’ అన్న గడిని మాత్రమే చదువుకుంటూ పోయాం.

రెండో తరగతి, క్వార్టర్లీ: ‘ఇంటెలిజెంట్. షుడ్ బీ మోర్ అటెంటివ్.’ నాలుగో తరగతి: ‘కేర్‌లెస్ మిస్టేక్స్ ఇన్ మ్యాథ్స్.’ లెక్క రాక కాదట, కూడిక గుర్తును తీసివేతగా చదివేసేది. ఐదు: ‘డే డ్రీమ్స్ ఇన్ క్లాస్.’ ఏడు: ‘ఫర్గెట్స్ నోట్‌బుక్స్’, దాని కింద ఎర్ర గీత. ఎనిమిదిలో తెలుగు అయ్యవారు తెలుగులోనే రాశారు: ‘వ్యాసం చాలా బాగుంది. ముగింపు రాయలేదు.’ తొమ్మిదిలో, ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మాట: ‘కెన్ డూ బెటర్.’

చేతిరాతలు వేరు, టీచర్లు వేరు. ఒకరు రాసింది ఇంకొకరు చూసి ఉండరు. అయినా అందరూ ఒకే పిల్ల గురించి ఒకే సంగతి చెబుతూ వచ్చారు. టీచర్ల మీద నాకున్న ఇష్టం ఆ మంచం దగ్గర ఇంకాస్త పెరిగింది. ఒక్కో క్లాసులో యాభై, అరవైమంది పిల్లలు. ఒక్కో కార్డుకి రెండు నిమిషాలు కూడా దొరకవు. అయినా చూడాల్సింది చూశారు.

డీఎస్ఎంలో ఏకాగ్రత లోపానికి తొమ్మిది లక్షణాలు రాశారు. చిన్న వివరాలు వదిలేసి తప్పులు చేయడం. పని మీద ధ్యాస నిలవకపోవడం. ఎదురుగా నిలబడి చెప్పినా విననట్టుండడం. మొదలుపెట్టింది పూర్తి చేయకపోవడం. పనుల్ని వరసలో పెట్టుకోలేకపోవడం. బుర్ర పెట్టాల్సిన పనిని వాయిదా వేయడం. అవసరమైన వస్తువులు పోగొట్టుకోవడం. చిన్న చప్పుడుకే ధ్యాస మళ్లడం. రోజువారీ పనులు మర్చిపోవడం. పిల్లల్లో ఇందులో ఆరైనా, పదిహేడేళ్లు నిండిన వాళ్లలో ఐదైనా ఉండాలి. ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి. బడిలోనే కాదు, ఇంట్లోనో మరోచోటో కూడా కనబడాలి. బతుకుకు అడ్డం పడుతూ ఉండాలి. తాళాలు మర్చిపోయే రీల్‌కీ దీనికీ తేడా ఆ చివరి మాటలోనే ఉంది. తొమ్మిదింటినీ రిమార్కుల పక్కన పెట్టి చూస్తే, నాలుగు కార్డుల్లోనే ఉన్నాయి. మిగతావి ఆవిడ తల్లి చెప్పింది: “ఎదురుగా నిలబడి పిలిచినా పలికేది కాదు. నీ మనసు యాడుంది మే అని తిట్టని రోజు లేదు.”

ఇక నన్ను ఆపేసిన గడి వేరే ఉంది. రిమార్క్స్‌కి పైన, ‘కాండక్ట్’. రెండో తరగతి నుంచి పది దాకా అన్ని కార్డుల్లోనూ ఒకటే మాట: గుడ్. రెండుచోట్ల వెరీ గుడ్.

అసలు కథ ఆ గడిలోనే ఉంది. ఇదే లోపం ఒక అబ్బాయిలో ఉండి, వాడు బెంచీలు ఎక్కి దూకి, పక్కవాడి జుట్టు పీకి ఉంటే ఆ గడి పాడయ్యేది. తండ్రిని పిలిపించేవాళ్లు, ‘వేలూరు సీఎంసీలో చూపించండి’ అని ఎవరో ఒకరు సలహా ఇచ్చేవాళ్లు. ఈ పిల్ల ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. పెట్టిన ఇబ్బందంతా తనకే. కాండక్ట్ గుడ్ కాబట్టి కింద రాసిందాన్ని బద్ధకంగా, నిర్లక్ష్యంగా, పొగరుగా చదువుకున్నారు. ప్రతి మూడు నెలలకూ రాశారు, ప్రతి మూడు నెలలకూ సంతకం పెట్టారు.

అమ్మ ఉన్నంతకాలం

మరి పది ఎలా పాసైంది, డిగ్రీ ఎలా అయ్యింది? ఏడీహెచ్‌డీ ఉన్న అమ్మాయిల విషయంలో ‘బాగానే చదువుతోంది కదా’ అనేది మొదటి అడ్డంకి. తెలివి ఉన్న పిల్ల తెలివితో నెట్టుకొస్తుంది. ఇష్టమైన సబ్జెక్టులో తొంభై, తక్కినవాటిలో నలభై. ఈమె కార్డుల్లోనూ సోషల్ ఎప్పుడూ పైన, హిందీ ఎప్పుడూ అడుగున.

మిగతాది అమ్మ చూసుకుంది. బ్యాగు సర్దింది అమ్మ, జడ వేసింది అమ్మ, రేపు పరీక్ష అని గుర్తు చేసింది అమ్మ. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో ఆ పని స్టడీ అవర్లు, వార్డెన్ బెల్లు చేశాయి. పిల్ల లోపల లేని క్రమం బయటి నుంచి దొరికినంతకాలం బండి నడిచింది. పెళ్లయ్యాక ఒక్కసారిగా పాత్ర తిరగబడింది. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ గుర్తు చేయాల్సింది ఆమే. గ్యాసు బుక్ చేయాలి, ఫీజు తేదీ, మామగారి బీపీ మాత్రలు, పొయ్యి మీద పాలు. “పాలు పొంగని రోజు మా అత్త దేవునికి దండం పెట్టుకుంటాది” అని నవ్వింది. నవ్వే ముందు ఓ క్షణం ఆగింది. ఏళ్ల తరబడి ఆఫీసు గోడ గడియారం కంటే తన వాచీ పది నిమిషాలు ముందుకు తిప్పుకుంది, అరచేతిలో పెన్నుతో రాసుకుంది, ఫోన్‌లో అలారాల మీద అలారాలు పెట్టుకుంది. బయటి వాళ్లకు కనబడింది చురుకైన మనిషి. రాత్రికి ఒంట్లో ఓపిక ఉండేది కాదు.

ఇలా కప్పిపుచ్చుకోవడం ఆడవాళ్లలో ఎక్కువని నిపుణులు చెబుతారు. ఎగిరే దూకే హైపర్ యాక్టివిటీ వీళ్లలో ఆగకుండా మాట్లాడడంగా, ఎదుటివాళ్ల మాటకు అడ్డు తగలడంగా, పైకి కదలకున్నా లోపల నిలకడలేని ఆలోచనలుగా కనబడొచ్చు. చాలామంది డాక్టర్ దగ్గరికి చేరేసరికి ముందుగా దొరికేది ఆందోళన, డిప్రెషన్. వాటికి మందులు నడుస్తాయి, వాటి వెనకున్నది అలాగే ఉండిపోతుంది. రజస్వల కావడం, నెలసరి ముందు రోజులు, ముట్లుడిగే వయసు: ఈస్ట్రోజన్ పడి లేచే ఈ సమయాల్లో లక్షణాలు ముదురుతున్నాయని చాలామంది చెబుతున్నారు. పరిశోధన ఇప్పుడిప్పుడే అటు మళ్లుతోంది.

చరిత్ర, ఒక్క గుక్కలో

1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ కుదురులేని పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఆయన చూసిన వాళ్లలో అబ్బాయిలే ఎక్కువ. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ ఉత్తేజక మందు ఇస్తే పిల్లలు కుదుటపడడం గమనించాడు. 1944లో స్విట్జర్లాండ్‌లో లియాండ్రో పానిజోన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. భార్య రీటా పేరు మీదే అది రిటలిన్ అయ్యింది. ఆడమనిషి పేరున్న మందు దశాబ్దాలపాటు ఎక్కువగా చేరింది మగపిల్లలకే. 1980లో డీఎస్ఎం-3 ‘హైపర్ యాక్టివిటీ లేకుండా కూడా ఉండొచ్చు’ అని ఒప్పుకున్నాక గానీ నెమ్మదైన పిల్లలకు ఆ జాబితాలో చోటు దొరకలేదు. 1990ల్లో బర్క్‌లీలో స్టీఫెన్ హిన్షా 140 మంది ఏడీహెచ్‌డీ అమ్మాయిల్ని ఎంచుకుని పెద్దయ్యేదాకా గమనించాడు. యవ్వనంలో తమను తాము గాయపరచుకోవడం, ఆత్మహత్యాయత్నం వాళ్లలో ఎక్కువగా కనబడ్డాయి. నెమ్మదస్తురాలే కదా అని వదిలేయకూడదనడానికి అంతకంటే ఏం కావాలి?

ఇక్కడ ఎవరు చూస్తారు

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల వరకూ వెతకాల్సిన ముప్పై సమస్యల జాబితా ఉంది. అందులో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. సంచార బృందం సర్కారు, ఎయిడెడ్ బడులకు ఏడాదికోసారి వెళ్లాలి; అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. కాగితం మీద బాగుంది. పళ్లు, కళ్లు, రక్తహీనత చూసుకుంటూ వందల మందిని దాటే బృందానికి వెనక బెంచీలో చప్పుడు చేయని అమ్మాయి ఎలా కనబడుతుంది? ప్రైవేటు బడులకైతే ఆ బృందమే రాదు. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. పెద్ద కేసులు బెంగళూరు నిమ్హాన్స్‌కి వెళ్తాయి.

మంచి డాక్టర్ వెంటనే పేరు పెట్టేయడు. ముందు రక్తం, థైరాయిడ్, నిద్ర చూస్తాడు. ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. రక్తం లేని పిల్లకీ ధ్యాస నిలవదు. అవన్నీ తేల్చాకే ఏడీహెచ్‌డీ. తర్వాత తల్లిదండ్రులకు శిక్షణ, బిహేవియర్ థెరపీ, అవసరమైతే మందులు. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో ఎన్‌డీపీఎస్ చట్టం కింద నియంత్రణలో ఉన్న మందు, చీటీ లేకుండా దొరకదు. ఉత్తేజకం కాని అటోమోక్సెటిన్ కూడా ఉంది. ఏడీహెచ్‌డీ అని తేలాక బైరాగిపట్టెడ ఆవిడ మందు వాడుతోంది. “పాలు ఇప్పటికీ పొంగతాయి. అయితే యాడ పెట్టినానో తెలస్తాది” అంది.

బాక్స్: ఆరు ప్రశ్నలు

పెద్దవాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ప్రశ్నావళిలో మొదటి ఆరు వడపోతకు పనికొస్తాయి. వాటి సారాంశం: పని చివరికొచ్చాక మిగిలిన చిన్నాచితకా పూర్తి చేయడం కష్టంగా ఉందా? పనుల్ని వరసలో పెట్టుకోవడం? అపాయింట్‌మెంట్లు గుర్తుంచుకోవడం? ఆలోచించాల్సిన పనిని వాయిదా వేస్తున్నారా? ఎక్కువసేపు కూర్చుంటే చేతులు, కాళ్లు ఆడిస్తున్నారా? ఏదో మోటారు తిప్పుతున్నట్టు పరుగులు పెడుతున్నారా? నాలుగింటికి ‘తరచుగా’ అని జవాబొస్తే డాక్టర్‌ని కలవండి. ఇది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. మనసు బాగాలేకుంటే టెలిమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

బాక్స్: తెర మీద తెలిసిన ముఖాలు

‘పుష్ప’లో షెకావత్‌గా మన శేషాచలం కథలో నటించిన ఫహద్ ఫాజిల్, తనకు 41 ఏళ్ల వయసులో ఏడీహెచ్‌డీ బయటపడిందని 2024లో కేరళలో ఒక సభలో చెప్పాడు. ‘ఆర్ఆర్ఆర్’ సీత ఆలియా భట్ అదే ఏడాది ఒక ఇంటర్వ్యూలో తనకూ ఉందని, చిన్నప్పుడు క్లాసులో ధ్యాస ఎటో వెళ్లిపోయేదని చెప్పింది. ఆ వార్తల కింద కామెంట్లు పెట్టినవాళ్లంతా ఒకసారి తమ కార్డులు తీసి చూసుకుంటే మంచిది.

ఒక పని

ఇప్పుడు చాలా బడుల్లో కార్డు లేదు. వాట్సాప్‌లో మార్కులు వస్తాయి, ర్యాంకు వస్తుంది. రిమార్కుల గడి ఉన్నచోట కూడా మెనూలోంచి ఎంచుకున్న మాటే అందరికీ. బైరాగిపట్టెడలో నేను చూసిన సాక్ష్యం ఈ తరం అమ్మాయిలకు మిగలదు. అందుకని హెడ్మాస్టర్లకు ఒక మనవి. ఏడాదికోసారి, ఒక్క పూట, క్లాస్ టీచర్ల చేత ప్రతి పిల్లకూ సొంత చేత్తో రెండు వాక్యాలు రాయించండి. మూడేళ్ల వాక్యాలు పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే ఫిర్యాదు మూడుసార్లు వస్తే తల్లిని పిలవండి, ఆరోగ్య బృందం వచ్చిన రోజు ఆ కాగితం వాళ్ల చేతికివ్వండి. కాండక్ట్ గుడ్ అని ఉన్న అమ్మాయిలతోనే మొదలుపెట్టండి. అబ్బాయిల సంగతి ఎటూ మీ దాకా వచ్చేస్తుంది.