బడిపిల్లలు - శాస్త్ర పరిభాష

లెక్కల పుస్తకమున 2 యొక్క ఘనము 8. విజ్ఞానశాస్త్ర పుస్తకమున ఇనుము ఘనము, నీరు ద్రవము. మఱికొన్ని పుటలు గడచినపిదప ‘నీటి ఘనపరిమాణము’ అను మాట కానవచ్చును. ద్రవమునకు ఘనపరిమాణ మెట్లు కలిగెనని బాలుడు శంకించినచో వానిని మందమతి యనరాదు. ఇచ్చటి ఘనము గట్టిదను అర్థమున రాలేదనియు, పొడవు, వెడల్పు, ఎత్తుల గుణకారమును దెలుపు లెక్కల ఘనమే యనియు ఒక్క వాక్యమున చెప్పవచ్చును. ఆ వాక్యము చెప్పువారు అరుదగుటయే మన బడిచదువునకు లోపమని మేము తలంచుచున్నాము.

కణమను మాటయు నిట్టిదే. జీవశాస్త్రమున అది ప్రాణిశరీర నిర్మాణమునకు మూలము. భౌతికశాస్త్రమున పదార్థపు సూక్ష్మాంశము. ఇంగ్లీషున సెల్, పార్టికిల్ అని వేఱుపేళ్లు కలవు. వాడుకమాటలతో చిక్కు మఱింత హెచ్చును. బలము, శక్తి మనకు పర్యాయపదములు, భౌతికశాస్త్రమున వేర్వేఱు. మూటను తలపై నుంచుకొని కదలక నిలిచిన కూలి యెంత చెమటోడ్చినను ఆ మూటపై ‘పని’ చేయలేదని శాస్త్రము చెప్పును. 60 కిలోల ద్రవ్యరాశి గలవాడు చంద్రునిపై కేగినను ద్రవ్యరాశి 60 కిలోలే. భారము మాత్రము సుమారు ఆఱవవంతగును. చట్టములు తొలుత పదములను నిర్వచించి పిదప విధులను చెప్పుట న్యాయవాదు లెఱిగినదే. బడిపుస్తకమున కా మర్యాద యేల యుండరాదు?

పూర్వు లీ శ్రమకు వెనుదీయలేదు. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి తెలుగున శాస్త్రగ్రంథములను ప్రకటించెను. 1968లో నేర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశములను వెలువరించెను. అయినను అనువదించిన మాత్రమున పని ముగియదు. ఆక్సిజనునకు ‘ఆమ్లజని’ యను పేరు లవోయిజే పెట్టిన పేరునకు చక్కని అనువాదమే. ఆమ్లములన్నిటికి ఆ వాయువే మూలమని ఆయన నమ్మెను; కాని హైడ్రోక్లోరికామ్లమున ఆక్సిజనే లేదు. మాటతోపాటు పొరపాటును మన భాషలోనికి వచ్చినది.

ఎల్లలకు వెలుపలి తెలుగుబిడ్డల చిక్కు వేఱు. ఆకు సూర్యరశ్మితో ఆహారము కూర్చుకొనుటను మన పుస్తకములు కిరణజన్య సంయోగక్రియ యనును. బళ్లారిలో కన్నడ బడికి పోవు బిడ్డకది ద్యుతిసంశ్లేషణె. హోసూరు తమిళ బడిలో ఒళిచ్చేర్కై. బరంపురము ఒడియా బడిలో ఆలోకశ్లేషణ. షోలాపురము మరాఠీ బడిలో ప్రకాశసంశ్లేషణ. ఇంటిలో మాత్రమే తెలుగు మిగిలిన యీ బిడ్డలకు ఇంటిమాటయే ఊత. ‘కూర ఇగిరినది’ అని తల్లి యన్నపుడు నీరు ఆవిరియై పోవు పాఠము సగము చెప్పినట్లే. మిగిలిన సగము బడి చెప్పవలయును.

మేము కోరునది బృహత్కోశము కాదు. నలువది పుటల చిన్నపుస్తకము. ప్రతిమాటకు ఇంటిమాట, తెలుగు పరిభాష, బడిభాషలోని పేరు, ఇంగ్లీషు పేరు ఒకే వరుసను ఉండవలయును. ఆ మాట ఏ శాస్త్రమున ఏ యర్థ మిచ్చునో క్రింద చెప్పవలయును. రాజధానిలోని వైద్యులు, ఇంజనీర్లు, న్యాయవాదులు తలకు ఇరువది మాటల చొప్పున వ్రాసి, ఉపాధ్యాయులచే దిద్దించినచో ఒక వేసవిలో ఇది సాధ్యము. నీటికి ఘనపరిమాణ మేమని అడిగిన బాలునకు అప్పుడు బదులు దొరకును.