మీకు తెలుసా? ఇంట్లోనే ఈమెయిల్ సర్వర్

కోలారు జిల్లా మాలూరు తాలూకా లక్కూరులో కూర్చుని సొంత పేరుతో ఈమెయిల్ నడపాలంటే పెద్ద కంప్యూటరేమీ అక్కర్లేదు. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై, పోస్ట్‌ఫిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక డొమైన్ పేరు చాలు. తిప్పలన్నీ ఆ తర్వాతే.

● కరెంటు పోతే రావలసిన మెయిల్ పోతుందా? పోదు. పంపిన సర్వర్ దాన్ని దాచి ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు వదలకూడదని 2008 నాటి ఇంటర్నెట్ నియమం ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతోంది. శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగ లాగి 1902లోనే బంగారు గనులకు కరెంటు తెచ్చుకున్న జిల్లా ఇది. అయినా కోతల సంగతి మనకు ఒకరు చెప్పాలా!

● దెయ్యం చదివి వెనక్కి పోతుందని ఇళ్ల తలుపుల మీద కన్నడంలో 'నాళె బా' అని, తెలుగులో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు కదా. మెయిల్ సర్వర్లూ అదే చేస్తాయి! ముక్కూమొహం తెలియని సర్వర్ తలుపు తడితే 'కాసేపాగి రా' అంటాయి. అసలైనది ఓపిగ్గా మళ్లీ వస్తుంది. లక్షలకొద్దీ చెత్త విసిరే స్పామ్ ప్రోగ్రాములు చాలావరకు తిరిగి చూడవు. 2003లో ఇవాన్ హ్యారిస్ ప్రతిపాదించిన ఈ ఉపాయం పేరు గ్రేలిస్టింగ్. దెయ్యాల మీద ఎంత పారిందో గానీ, స్పామ్ మీద మాత్రం బాగానే పారింది.

● మెయిల్ అందుకోవడం కంటే పంపడమే కష్టం. సర్వర్లు మాట్లాడుకునే 25వ నంబరు పోర్టును చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్లకు మూసేస్తాయి. తెరిచి ఉన్నా, స్పామ్‌ను అడ్డుకోవడానికి స్పామ్‌హౌస్ సంస్థ పెట్టిన పీబీఎల్ జాబితాలో మీ ఐపీ అడ్రసు ఉండొచ్చు. తప్పు చేసినందుకు కాదు, ఇంటి కనెక్షన్ అయినందుకే. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది. అందుకే చాలామంది మెయిల్ ఇంట్లో అందుకుని, పంపేటప్పుడు బయటి రిలే సర్వర్‌ను ఆశ్రయిస్తారు. ఒకే ఐపీ అడ్రసును పదిళ్లకు పంచే కనెక్షనైతే అందుకోవడానికీ దారి దొరకదు.

● జీమెయిల్‌కు పంపేవారు ఎవరైనా సరే, 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ పెట్టుకోవాలి. మెయిల్ నిజంగా మీ డొమైన్‌దేనని చెప్పే గుర్తులివి.

● అడ్రసు మొత్తం తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. '.భారత్' డొమైన్ తెలుగులో ఉంది, కన్నడంలోనూ ఉంది. రెండు భాషల ఇళ్లకు రెండూ పనికొస్తాయి. పోస్ట్‌ఫిక్స్ 2015 నుంచే ఇలాంటి అడ్రసులను గుర్తుపడుతోంది. అవతలి సర్వర్‌కు ఆ విద్య రాకపోతే మాత్రం మీ మెయిల్ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చేస్తుంది.