తాల్చేరు గుండ్లు: గోదావరిలోయలో భూపరిశోధన పద్ధతి

కాసిపేట, మందమఱ్ఱి, రామగుండము ప్రాంతముల బొగ్గు బరాకరు శ్రేణికిఁ జెందినది. దానికి దిగువను, లోయ పశ్చిమపుటంచునఁ బైకిఁ గానవచ్చునది తాల్చేరు శ్రేణి. ఇందు పచ్చని ఛాయగల మెత్తని బంకరాయియు, దాని నడుమ నక్కడక్కడ పెద్ద గుండ్లును గలవు. భౌతికభూగోళ పరిశోధన యెట్లు సాగునో తెలియఁగోరువారికి ఈ గుండ్లకంటె మంచి పాఠము లేదు.

ఏఱు రాళ్లను దొర్లించి గుండ్రముగాఁ జేయునని బడిపిల్లవాఁడును ఎఱుఁగును. అయితే గండశిలలను మోయు వేగముగల నీరు సన్నని బురదను నిలువనీయదు. బురద నిలుచునట్టి నెమ్మదినీటికి గండశిలను గదల్చు బలము లేదు. రెండును ఒక్క పొరలో నుండుటెట్లు? 1856లో ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గుభూమిని వర్ణించిన బ్లాన్‌ఫర్డు సోదరులును, థియోబాల్డును మంచుగడ్డలే వీనిని దెచ్చెనని యూహించిరి. ఎండలు గాయు దేశమున మంచా యని సందేహించుట సహజమే. ఊహ యొక సంగతికి సరిపడినంతమాత్రమున సిద్ధాంతము గానేరదు. మంచు వచ్చియుండినచో మఱి యే గుఱుతులు మిగులవలయునో యాలోచించి, వానిని వెదకవలయును.

అట్టి గుఱుతులు మన పొరుగుననే దొరకినవి. ఆదిలాబాదునకు ఉత్తరపు సరిహద్దైన పెన్‌గంగ తీరమున, చాందాకు సమీపమునఁగల ఇరాయి యొద్ద గుండ్లు నునుపై గీఱలు వడియున్నవనియు, వాని యడుగునఁగల సున్నపురాయియుఁ జాళ్లు వడియున్నదనియు భూవిజ్ఞాన సర్వేక్షణశాఖకుఁ జెందిన ఫెడ్డెను 1875లోఁ బ్రకటించెను. నీరు రాతిని నునుపు చేయును గాని సమాంతరముగ గీఱలు గీయదు.

తర్కము చదివిన పండితులు గుండ్రదనము వ్యభిచారి హేతువని వెంటనే యందురు. ఏటికిని మంచునకును అది సమానమే. గీఱ లొక్కటియుఁ జాలవు. నేల పగిలి జాఱిన భ్రంశతలములందును గీఱలు గలవు. బురదలోఁ జెదరిన గుండ్లు, వానిమీఁది గీఱలు, అడుగురాతి చాళ్లు, ఈ మూఁడును గలిసినప్పుడే మంచు తప్ప వేఱు కారణము నిలువదు. ఉష్ణదేశమను నాక్షేపము మాత్రము చాలకాలము మిగిలెను. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణామెరికాలందును ఇట్టి పొరలే కనఁబడఁగా, 1912లో వెగెనరు ఖండములు కదలినవని వాదించెను. ఇప్పటికి సుమారు 30 కోట్ల యేండ్లక్రిందట ఈ నేల దక్షిణధ్రువమునకుఁ జేరువగ నుండెనని నేఁడు శాస్త్రజ్ఞు లంగీకరించుచున్నారు. నేఁటి యక్షాంశమును నాఁటిదిగాఁ దలఁచుటయే ఆ యాక్షేపమునందలి దోషము.

ఇల్లెందుప్రాంతమున 1871లో బొగ్గును గుర్తించిన విలియం కింగు, ప్రాణహిత గోదావరి లోయ భూనిర్మాణమును 1881లో గ్రంథముగఁ బ్రకటించెను. ఆనాఁడు వాఁగుగట్లే ముఖ్యాధారము. నేఁడు బోరులు గలవు. ఒకే సరళరేఖపై లేని మూఁడు బోరులలో ఒకే బొగ్గుపొర మట్టమును గొలిచినచో, దాని వాలును దిక్కును గణింపవచ్చును. నాల్గవ బోరులో లెక్క తప్పినచోఁ గొందఱు దానిని కొలతలోని పొరపాటని త్రోసివేయుదురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. అచట భ్రంశముండవచ్చును, పొర వంగియుండవచ్చును, లేదా వేఱొక పొరనే అదియని భ్రమించియుండవచ్చును. పటమున గీయక విడిచిన భ్రంశము గనిలోఁ బనిచేయువారికి ఎదురగును. కావున ఏది నిజమో మఱియొక బోరుచేతఁ దేల్చుకొనవలయును. బోరునుండి తీసిన రాతికడ్డీలను లోఁతుల క్రమమునఁ బెట్టెలలో నుంచినచో, తరువాత వచ్చువాఁడు మొదటివాని గుర్తింపును సరిచూచి దిద్దవచ్చును.