పిన్ని మిఠాయి తినలేదు

మా పిన్నికి 62 ఏళ్ళు. రోజ్ బెల్ దగ్గర ఉంటుంది. షుగరు వచ్చి తొమ్మిదేళ్ళయింది. మాత్రలు వేళకు వేసుకుంటుంది, టీలో చక్కెర ఏనాడో మానేసింది. అయినా పోయిన ఏడాది ఆమె పరగడుపు షుగరు 7 నుంచి 11కి ఎక్కింది. ఇంట్లో అందరం ఒకటే మాట అన్నాం: "దొంగచాటుగా ఏదో తింటున్నావు." రామభజన అయ్యాక ప్రసాదం పంచుతుంటే ఆమె చేతి వైపే చూశాం. నేనూ చూశాను. ఇది రాయడానికి కారణం అదే.

పిన్ని ఏమీ తినలేదు. అప్పటికి ఎనిమిది నెలలుగా బాబాయి పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. రాత్రి మూడు నాలుగు సార్లు లేచి ఆయన్ని పక్కకు తిప్పాలి. అదే ఏడాది కొడుకు ఉద్యోగం పోయింది. ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సు "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావమ్మా?" అని అడిగేదాకా దీనికీ షుగరుకీ సంబంధం ఉంటుందని మాకెవరికీ తట్టలేదు.

భయమో దిగులో కలిగినప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు మెదడు కబురు పంపుతుంది. ముందు అడ్రినలిన్, కాస్త తరువాత కార్టిసాల్ రక్తంలోకి వస్తాయి. దాంతో కాలేయం దాచుకున్న గ్లూకోజును వదిలేస్తుంది, కొత్తది కూడా తయారు చేస్తుంది. కండరాలేమో ఇన్సులిన్ మాట సరిగా వినవు. ఎదురుగా పులి ఉంటే ఇదంతా మంచిదే, పరుగెత్తడానికి శక్తి కావాలి. అప్పుల దిగులుకు పరుగెత్తే పని లేదు. చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. నెలల తరబడి ఇలాగే సాగితే కొవ్వు పొట్ట చుట్టూ చేరి ఇన్సులిన్‌ను ఇంకా మొద్దుబారుస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1915 నాటి తన పుస్తకంలో ఒక ముచ్చట చెప్పాడు. హార్వర్డ్ ఫుట్‌బాల్ జట్టులో 25 మందికి పెద్ద పోటీ తరువాత మూత్రం పరీక్షిస్తే 12 మందిలో చక్కెర కనిపించింది. వాళ్ళలో అయిదుగురు మైదానంలోకి దిగనేలేదు! బెంచీ మీద కూర్చుని ఆత్రపడ్డారంతే.

లండన్‌లో 10 వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులను 14 ఏళ్ళు గమనించిన అధ్యయనం 2006లో వెలువడింది. పనిలో ఒత్తిడి ఉందని మళ్ళీ మళ్ళీ చెప్పినవాళ్ళకు పొట్ట, బీపీ, షుగరు, కొవ్వులు కలిసి చెడే అవకాశం మిగతావాళ్ళకన్నా రెండింతలకు పైగా ఉంది. నిద్ర సంగతీ అంతే. 1999లో ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. గ్లూకోజును సర్దుకునే శక్తి వాళ్ళలో స్పష్టంగా తగ్గింది. మా పిన్ని ఎనిమిది నెలలు అలా గడిపింది.

మన మారిషస్‌లో పెద్దవాళ్ళలో దాదాపు అయిదుగురిలో ఒకరికి షుగరు ఉంది. తిండి, వంశం, కదలకపోవడం, అన్నీ కారణాలే. ఒత్తిడి వాటికి తోడవుతుంది, వాటిని చెరిపేయదు. కోరింగీలని పిలిపించుకున్న మన ముత్తాతలకు దిగులు తక్కువా? ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు, దాన్నే డబుల్ కట్ అనేవారు. కానీ రోజంతా చెరకు నరికే ఒంట్లో ఆ గ్లూకోజు ఖర్చయ్యేదేమో అని నా ఊహ. మనం దిగులు మోస్తూ కుర్చీలో కూర్చుంటున్నాం.

నర్సు మాట మీద పిన్ని షుగరు పుస్తకంలో అంకె పక్కన రాత్రి పడుకున్న గంటలు కూడా రాయసాగింది. నిద్ర లేని రాత్రుల మర్నాడే అంకె పెరుగుతోందని రెండు వారాల్లో మాకు కనిపించింది. ఆ పుస్తకం డాక్టరుకు చూపిస్తే ఆయన మాత్రల మోతాదు సర్దాడు. మీ ఇంట్లోనూ ఇలా రాసి చూపించండి, మాత్రలు మాత్రం సొంతంగా మానకండి. భోజనమయ్యాక పది నిమిషాలు నడిచినా కండరాలు కొంత గ్లూకోజు లాక్కుంటాయి.

ఇప్పుడు వారానికి మూడు రాత్రులు బాబాయి దగ్గర మేం వంతులవారీగా పడుకుంటున్నాం. మూడు నెలల సగటు చూపే పరీక్షలో పిన్నికి 9.4 నుంచి 8.1కి దిగింది. మొన్న బాబాయికి జ్వరం వచ్చిన వారం పరగడుపు షుగరు మళ్ళీ 10 చూపించింది. ఈసారి ఏం తిన్నావని ఎవరూ అడగలేదు. ఆ రాత్రి పడక మాత్రం మా తమ్ముడు తీసుకున్నాడు.