ముందు వచ్చి, చివర మరలువాడు

పదిమందిని నడిపించుట యెట్లు? అలసినవేళ ఉత్సాహము నిలుచుట యెట్లు? 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్ర శకటముగా వెలసిన కోనసీమ ప్రభల తీర్థము ఇందుకు సమాధానము చెప్పుచున్నది.

కనుమనాడు ఏకాదశ రుద్రుల ప్రభలు మొసలపల్లి జగ్గన్నతోటకు తరలివచ్చును. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలను భక్తులు భుజములపై మోసి, కౌశికను దాటింతురు. నీటిలో ఒక్కని అడుగు తడబడినను ప్రభ ఒరుగును. అందుచేత బలవంతుడు సైతము ప్రక్కవాని అడుగుతో అడుగు కలుపును. "శరభ శరభ" యను కేక అందరిని ఒక్కటి చేయును. చేలమీదుగా ప్రభ సాగినను రైతు నొచ్చుకొనడు. పని తనదియని తలచినవానికి బరువు తెలియదు.

ఆతిథ్యమిచ్చు మొసలపల్లి భోగేశ్వరస్వామి అందరికంటె ముందు విచ్చేసి, అందరిని సాగనంపిన పిమ్మటనే మరలునని సంప్రదాయము. వ్యాఘ్రేశ్వరుని ప్రభ రాగానే తక్కిన ప్రభలను గౌరవముగా పైకెత్తుదురు.

కార్యాలయమందైనను, కొబ్బరిపీచు కర్మాగారమందైనను పెద్దరికము వహించువాడు దీనిని గ్రహింపవలెను. ఆలస్యముగా వచ్చి ఆజ్ఞలిచ్చువానికి భయపడువారుందురు గాని భుజము పట్టువారుండరు. ముందుగా వచ్చి, చివరివాని పని ముగియువరకు నిలుచువానికి అడుగకయే భుజములు దొరకును.